పాత కారు ఎంపిక (హైదరాబాదు)

ఇదివరకే ఒకరి పేరున రిజిస్టరై కొంతకాలం రోడ్డుపై తిరిగిన కారును పాత కారు లేదా సెకండ్ హ్యాండ్ కారు అంటారు. అటువంటి కారు రోజువారీ వాడకానికి తగినదా కాదా, చలికాలపు ఉదయాలలో మొరాయించకుండా నడుస్తుందా లేదా అన్నది కొనక ముందే తేల్చుకొనవలసిన విషయం. హైదరాబాదు నగర మధ్యభాగంలోని నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వంటి పాత నివాస ప్రాంతాలలో ఈ ఎంపికకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు కలవు. ఇక్కడి ప్రయాణాలు చిన్నవి, వీధులు ఇరుకు, బండి తరచుగా ఇంటి బయటే నిలుస్తుంది. పైగా ఈ ప్రాంతాల గుండా హుస్సేన్ సాగర్ మిగులు నీటి నాలా పారుతుంది.

వాతావరణం

హైదరాబాదు చలి ఉత్తర భారతదేశపు చలివంటిది కాదు. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. బేగంపేటలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు (1946 జనవరి 8). ఆదిలాబాదు ప్రాంతంలో చలి ఇంతకంటే ఎక్కువ. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో కొన్ని సంవత్సరాలలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతుంది. కనుక మంచు టైర్లు, ఇంజిన్‌ను వేడిచేసే పరికరాలు తెలుగు ప్రాంతాలలో అవసరం లేదు.

అయినప్పటికీ మెకానిక్కుల వద్దకు "పొద్దున్నే బండి స్టార్ట్ కావడం లేదు" అనే ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది చలికాలంలోనే. దీనికి అసలు కారణం చలి కాదు, అంతకు ముందు గడచిన ఎండాకాలం. సీసము-ఆమ్లము బ్యాటరీలోని నీరు ఏప్రిల్, మే నెలల వేడికి ఆవిరవుతుంది, లోపలి పలకలు త్వరగా క్షీణిస్తాయి. అయితే వేడిలో రసాయన చర్య చురుకుగా ఉండుట వలన ఆ నష్టం బయటపడదు. డిసెంబరులో చర్య మందగించి, ఇంజిన్ ఆయిలు చిక్కబడి, సెల్ఫ్ మోటారుకు ఎక్కువ విద్యుత్తు కావలసి వచ్చినపుడు బ్యాటరీ చేతులెత్తేస్తుంది. ఆ విధంగా చూస్తే పాత కారు కొనడానికి చలికాలమే మంచి సమయం. మే నెల మధ్యాహ్నం ఏ బండి అయినా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది.

చలికాలంలో రెండవ సమస్య పొగమంచు. బాహ్యవలయ రహదారి మీద, శంషాబాదు విమానాశ్రయం వైపు, సంక్రాంతికి కోస్తా జిల్లాలకు వెళ్ళే విజయవాడ జాతీయ రహదారి (65) మీద తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. సంవత్సరమంతా నల్లకుంట నుండి నారాయణగూడ దాకా మాత్రమే తిరిగే బండి కూడా సంక్రాంతికి ఒక్కసారిగా వందల కిలోమీటర్లు పోవలసి వస్తుంది. అందువలన దీపాలు, వైపర్లు, అద్దంపై ఆవిరి తొలగించే బ్లోయరు సరిగా పనిచేయడం ముఖ్యం.

చిన్న ప్రయాణాలు, ఇంధనం

ఈ ప్రాంతాలలో కారు వాడకం ఎక్కువగా రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలకే పరిమితం. పిల్లలను బడిలో దింపడం, ఆర్టీసీ క్రాస్ రోడ్డు దాకా పోవడం, ఫీవర్ ఆసుపత్రి దాకా పెద్దవారిని తీసుకుపోవడం వంటివి. ఇంత తక్కువ దూరంలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఇంజిన్‌లో ఇంధనం ఎక్కువగా కాలుతుంది, ఆయిలులో తేమ చేరుతుంది, సెల్ఫ్ కొట్టినపుడు బ్యాటరీ కోల్పోయిన విద్యుత్తును ఆల్టర్నేటరు తిరిగి నింపేలోగా గమ్యం వచ్చేస్తుంది.

ఈ కారణం చేత ఇటువంటి వాడకానికి డీజిలు కారు, అందులోనూ 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాల డీజిలు కారు సాధారణంగా తగినది కాదు. దీని పొగగొట్టంలోని మసి వడపోత యంత్రం (డీపీఎఫ్) శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పోవాలి. చిక్కడపల్లి సిగ్నళ్ళ మధ్య అది సాధ్యం కాదు. మసి పేరుకుంటే మరమ్మతు ఖర్చు కారు ధరలో చెప్పుకోదగ్గ భాగమవుతుంది. పాత డీజిలు కార్లకు ఈ వడపోత లేకున్నా, ఉదయం స్టార్ట్ కావడానికి హీటరు ప్లగ్గులు బాగుండాలి. చౌకగా దొరికినదని డీజిలు బండి కొని, పక్క వీధికి వాడేవారు చివరకు ఎక్కువే చెల్లిస్తారు.

పెట్రోలు కార్లలో వేరొక విషయం చూడవలసి ఉన్నది. 2025 నుండి దేశమంతటా బంకులలో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు లభిస్తున్నది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు ఈ మిశ్రమాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినవి కావు. అటువంటి కారు కొనేటపుడు ఇంధన గొట్టాల రబ్బరు పగుళ్ళు, పెట్రోలు వాసన ఉన్నవేమో పరిశీలించాలి. గ్యాస్ కిట్టు బిగించి ఉంటే అది రిజిస్ట్రేషన్ పత్రము (ఆర్సీ)లో నమోదై ఉండవలెను.

కార్ల వయసు

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేవరకు హైదరాబాదు వీధులలో అంబాసిడరు, ఫియట్ (తరువాత ప్రీమియర్ పద్మిని) కార్లే ప్రధానంగా ఉండేవి. కొత్త బండికి సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది కనుక పాత బండికి గిరాకీ ఎక్కువ. హైదరాబాదులో భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు 2010 ఏప్రిల్ 1న అమలులోకి రావడంతో ఇక్కడ కొత్త మారుతి 800 అమ్మకం ఆగిపోయినది. 2014 జనవరిలో దాని తయారీ, అదే సంవత్సరం మే నెలలో అంబాసిడరు తయారీ నిలిచిపోయినవి. మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి 5 సంవత్సరాల చొప్పున పొడిగించుకోవాలి, హరిత పన్ను కూడా కట్టాలి. ఇక్కడ పొదుపు అనుకొని 13, 14 ఏళ్ళ బండి కొనేవారు ఆ ఖర్చును ముందే లెక్కవేసుకోవడం మేలు.

రక్షణ దృష్ట్యా కూడా తయారీ సంవత్సరం ముఖ్యమే. 2019లో అన్ని కొత్త కార్లకు చక్రాలు జారకుండా ఆపే బ్రేకు వ్యవస్థ (ఏబీఎస్), డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయినవి. అంతకు ముందు చవక రకపు కార్లలో ఇవి తరచుగా ఉండేవి కావు. మంచుకు తడిసిన రోడ్డుపై ఈ తేడా తెలుస్తుంది.

ఉదయపు పరీక్ష

కారును చూడడానికి అమ్మకందారు ఇంటికి తెల్లవారుజామునే, ముందురోజు రాత్రంతా బండి కదలకుండా ఉన్నపుడు వెళ్ళవలెను. వెళ్ళగానే బానెట్‌పై చేయి వేసి చూడాలి. అది వెచ్చగా ఉంటే బండిని అప్పటికే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. అది మోసమే అని చెప్పలేము, కానీ పరీక్ష మరొక రోజుకు వాయిదా వేయడం మంచిది.

మంచి బ్యాటరీ నిశ్చలంగా ఉన్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టే సమయంలో అది 9.6 వోల్టుల కంటే దిగజారితే బ్యాటరీ బలహీనమైనట్లు. ఇంజిన్ నడుస్తున్నపుడు 13.8 నుండి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటరు బాగున్నట్లు. బ్యాటరీ మార్చడం చిన్న ఖర్చే, బేరంలో తగ్గించుకోవచ్చు. ఇంజిన్ అలా కాదు.

ఇంజిన్ స్టార్ట్ అయిన వెంటనే పొగగొట్టం వద్ద నిలబడి చూడాలి. చలిలో మొదటి రెండు మూడు నిమిషాలు పలుచని తెల్లని ఆవిరి రావడం సహజం, దానికి భయపడనవసరం లేదు. వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లని పొగ, తియ్యని వాసనతో వస్తుంటే కూలెంటు ఇంజిన్ లోపలికి పోతున్నదని, అనగా హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చునని అర్థం. నీలి పొగ ఆయిలు కాలుతున్నదనుటకు గుర్తు. పెట్రోలు కారులో నల్లని పొగ ఇంధనం మోతాదు మించినదని తెలుపుతుంది. ఆయిలు మూత తీసి చూస్తే లోపల మీగడవంటి పదార్థం కనిపిస్తే సాధారణంగా నీరు కలిసినట్లు చెబుతారు. కానీ చలికాలంలో చిన్న దూరాలకే తిరిగే బండి మూత లోపల కొద్దిపాటి తేమ మీగడ ఏర్పడడం మామూలే. ఆయిలు కొలత కడ్డీపై కూడా అదే రంగు కనిపిస్తే మాత్రమే ఆ బండిని వదిలివేయాలి.

హైదరాబాదు బండ్లలో తప్పక చూడవలసినది థర్మోస్టాట్ వాల్వు. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతున్నదని యజమాని ఫిర్యాదు చేస్తే, అసలు కారణం వెదకకుండా ఈ వాల్వును పీకివేయడం పాత మెకానిక్కుల అలవాటు. దానివలన వేసవిలో తాత్కాలికంగా ఉపశమనం కలిగినా, చలికాలంలో ఇంజిన్ ఎంతసేపటికీ తగిన వేడికి రాదు. మైలేజి పడిపోతుంది, ఇంజిన్ లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. దీనిని కనుగొనడం తేలిక. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన తరువాత రేడియేటరు పై గొట్టాన్ని తాకి చూడాలి. వాల్వు ఉంటే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తరువాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేకుంటే మొదటి నుండే నెమ్మదిగా గోరువెచ్చనవుతుంది. అలాగే రేడియేటరులో కూలెంటుకు బదులు కుళాయి నీరు పోసిన బండిలో నీరు తుప్పు రంగులో ఉంటుంది.

ఇక్కడ హీటరును ఎవరూ వాడరు కనుక అది పాడైన సంగతి కూడా తెలియదు. అది కారుతుంటే కొందరు దాని గొట్టాలను తప్పించి నేరుగా కలిపివేస్తారు. ఏసీ, హీటరు రెండింటినీ కలిపి వేసినపుడు ముందు అద్దంపై ఆవిరి ఒకటి రెండు నిమిషాలలో తొలగిపోవాలి. ఏసీ గాలిలోని తేమను తీసివేస్తుంది గనుక చలికాలంలో కూడా దాని అవసరం ఉన్నది.

ఇంజిన్ ఆయిలు డబ్బాపై ఉండే 5డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 వంటి గుర్తులలోని "డబ్ల్యు" ఆంగ్లంలో చలికాలాన్ని సూచించే అక్షరం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిలు అంత పలుచగా ప్రవహిస్తుంది. కొత్త తరహా ఇంజిన్లలో తయారీదారు చెప్పిన పలుచని ఆయిలుకు బదులు చిక్కని ఆయిలు పోసి, శబ్దం తెలియకుండా చేసి అమ్మడం కూడా ఉన్నది. సర్వీసు రసీదులు చూస్తే ఇది బయటపడుతుంది.

టైరు పక్క గోడపై నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు చట్టప్రకారం పనికిరాదు. గాడులు బాగున్నా ఆరేడు సంవత్సరాలు దాటిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డుపై పట్టు కోల్పోతుంది. నాలుగు టైర్లు కొత్తవై, స్టెప్నీ మాత్రం మొదటిదే అయిన బండిలో ఆ స్టెప్నీయే కారు అసలు వయసు చెబుతుంది.

నీట మునిగిన కార్లు

హుస్సేన్ సాగర్ నుండి వెలువడే మిగులు నీటి నాలా దోమలగూడ, అశోక్ నగర్, బాగ్ లింగంపల్లి, నల్లకుంట, గోల్నాకల మీదుగా సాగి మూసీ నదిలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల వర్షం కురిసినపుడు, తిరిగి 2020 అక్టోబరు 13, 14 తేదీలలో 19 సెంటీమీటర్లకు పైగా కురిసినపుడు నగరంలోని లోతట్టు ప్రాంతాలు జలమయమైనవి. 2020లో వీధులలో నిలిపిన కార్లు నీటిలో కొట్టుకుపోయిన దృశ్యాలు దేశమంతటా టీవీలలో ప్రసారమైనవి.

నీట మునిగిన కారు వర్షాకాలంలోనే అమ్మకానికి రాదు. ఆరబెట్టి, సీట్లు ఉతికి, కార్పెట్లు మార్చి, సుగంధం చల్లి, రెండు మూడు నెలల తరువాత, అనగా సరిగ్గా చలికాలంలో బయటకు వస్తుంది. దానిలోని విద్యుత్ తీగల కలయికలలో చేరిన మురుగు నీరు నెమ్మదిగా పచ్చని చిలుము పట్టించి, ఒకరోజు పనిచేసి ఒకరోజు పనిచేయని లోపాలను తెస్తుంది. ఉదయపు తేమలో ఇవి ఎక్కువవుతాయి. ఇటువంటి లోపాన్ని ఏ మెకానిక్కూ ఒక్కసారిలో పట్టుకోలేడు. ఇంజిన్ అరిగితే బాగుచేయవచ్చును గాని, మునిగిన బండిని పూర్వస్థితికి తేవడం దాదాపు అసాధ్యం.

సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగి చూడడం దీనికి సులువైన పరీక్ష. చుట్టలో లోపలి భాగాన్ని ఎవరూ ఉతకరు, బురద మరక అక్కడ నిలిచి ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ కింది గుంతలో సన్నని ఒండ్రు, సీటు పట్టాల మరలపై తుప్పు, హెడ్ లైట్ల లోపల నీటి గీత, డాష్ బోర్డు కింద వేలు పెట్టి తడిమితే తగిలే ఇసుక కూడా గుర్తులే. పదేళ్ళ కారులో కార్పెట్ మాత్రం కొత్తగా ఉంటే ఎందుకని అడగవలెను.

నీటిలో నిలిచిన కారుకు సెల్ఫ్ కొడితే సిలిండర్లలోకి నీరు చేరి, నీరు కుదించుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ రక్షణకు ప్రత్యేక ఒప్పందం లేని మామూలు బీమా పాలసీలు సాధారణంగా ఈ నష్టాన్ని చెల్లించవు. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దానిని పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి సొమ్ము చెల్లిస్తుంది, మిగిలిన బండి తుక్కు కొనేవారికి పోతుంది. అందులో కొన్ని బాగుపడి తిరిగి రోడ్డెక్కుతాయి. కొనేవారు పాలసీ నంబరుతో బీమా కంపెనీని సంప్రదించి గతంలో చేసిన క్లెయిముల వివరాలు అడగడం అవసరం.

మీటరు

కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. డిజిటలు మీటర్లు వచ్చాక అది మరింత సులభమైనది. మీటరు అంకెను నమ్మడం కంటే క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బరు, స్టీరింగు చక్రంపై మెరుపు, డ్రైవరు సీటు అంచు చూడడం మంచిది. 30 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో పెడలు రబ్బరు నున్నగా అరగదు. క్యాబుగా తిరిగిన బండ్లను సొంత వాహనాలుగా మార్పించి అమ్మినపుడు ఆర్సీ చరిత్రలో అది తెలుస్తుంది.

పత్రాలు

అమ్మకం జరిగిన తరువాత అదే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను చెబుతున్నది. ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. అప్పు తీరిన బండికి బ్యాంకు ఇచ్చే ఫారం 35, ఇతర రాష్ట్రపు బండికి ఫారం 28 (నిరభ్యంతర పత్రం) అదనం. ఆర్సీలో బ్యాంకు పేరు ఉండగా "అప్పు ఎప్పుడో తీరిపోయింది" అనే మాటపై డబ్బు చెల్లించరాదు.

ఖాళీ ఫారాలపై సంతకం చేసి బ్రోకరు చేతికి ఇచ్చి బండిని మరచిపోవడం హైదరాబాదులో బాగా వ్యాపించిన అలవాటు. దీని ప్రమాదం అమ్మినవారికే ఎక్కువ. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కారు ఎన్ని చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరు ఉన్నదో వారే చట్టం దృష్టిలో యజమాని. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదే. ఆ కేసులో రిజిస్టరైన యజమాని ప్రమాదానికి ముందే, 2007లోనే కారును అమ్మివేసి ఉన్నాడు. ఆ అమ్మకం అతనిని కాపాడలేదు. 2023 ఏప్రిల్ నుండి అనుమతి పొందిన డీలరుకు బండి అప్పగించినపుడు ఆ సంగతిని రవాణా శాఖకు తెలిపే ప్రత్యేక ఫారాలు వచ్చినవి. డీలరు వద్ద ఉన్నంతకాలం బాధ్యత డీలరుదే.

రాష్ట్ర విభజన తరువాత మరొక చిక్కు వచ్చినది. 2014 జూన్‌కు ముందు హైదరాబాదులో రిజిస్టరైన ఏపీ 09, ఏపీ 10, ఏపీ 11 బండ్లు అదే నంబరుతో తెలంగాణలో చెల్లుతాయి. ఆ తరువాత తెలంగాణ బండ్లకు టీఎస్, 2024 మార్చి నుండి టీజీ అక్షరాలు వచ్చినవి. కానీ విభజన తరువాత విజయవాడలోనో గుంటూరులోనో రిజిస్టరైన ఏపీ బండిని నల్లకుంటలో కొంటే, అది ఇతర రాష్ట్రపు బండియే. నిరభ్యంతర పత్రం తెచ్చుకొని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. ఢిల్లీ బండ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ 10 సంవత్సరాలు దాటిన డీజిలు, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు వాహనాలపై 2015లో హరిత ట్రైబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత ఢిల్లీ కార్లు చౌకగా దక్షిణాదికి రావడం పెరిగినది. పన్ను కలుపుకుంటే ఆ చౌక చాలావరకు కరిగిపోతుంది.

పోలీసుల ఈ-చలానా వెబ్‌సైటులో బండి నంబరుతో బకాయి జరిమానాలు చూడవచ్చు. పాత యజమాని ఫాస్టాగ్ ఖాతాను మూసివేయించి కొత్తది తీసుకోవాలి. బీమా బదిలీకి 14 రోజులలోగా దరఖాస్తు చేయాలి. చాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో సరిపోవడం కాగితంపై రాసుకొని సరిచూసుకోవాలి.

కొనే చోటు, ధర

తెలిసినవారి వద్ద, ఆటో కన్సల్టెన్సీల వద్ద, కంపెనీల పాత కార్ల షోరూములలో (మారుతి ట్రూ వేల్యూ 2001లో ప్రారంభమైనది), ఆన్‌లైను సంస్థల ద్వారా కార్లు లభిస్తాయి. 2025 జనవరి నుండి డీలర్లు తమ లాభంపై 18 శాతం జీఎస్టీ చెల్లించాలి, ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకానికి ఈ పన్ను లేదు. 2025 సెప్టెంబరు 22న కొత్త చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. అందుచేత అంతకు ముందు ధరలను ఆధారం చేసుకొని అడిగే పాత చిన్న కారు రేటును ఒప్పుకోనవసరం లేదు.

విదేశాలలో తెలుగువారు

అమెరికా ఉత్తర రాష్ట్రాలకు, కెనడాకు చదువుకు వెళ్ళే తెలుగు విద్యార్థులు అక్కడ మొదట కొనేది సాధారణంగా పాత కారే. అక్కడి పరీక్ష వేరు. మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు వలన కారు అడుగుభాగం తుప్పు పడుతుంది కనుక బండిని పైకెత్తించి బ్రేకు గొట్టాలు, చాసిస్ చూడాలి. యాజమాన్య పత్రంపై "సాల్వేజ్" అని ఉంటే ఒకప్పుడు పూర్తి నష్టంగా లెక్కించిన బండి అని అర్థం. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. జర్మనీలో రోడ్డుపై మంచు ఉన్నపుడు అటువంటి టైర్లు వాడవలెను, 2024 అక్టోబరు నుండి కొండ, మంచు రేకు గుర్తు ఉన్న టైర్లనే అక్కడ అంగీకరిస్తున్నారు. హైదరాబాదులో కారు నడిపిన అనుభవం మంచుపై అంతగా ఉపయోగపడదు. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ వద్ద గడ్డకట్టిన రోడ్డుపై 130కి పైగా వాహనాలు ఒకదానినొకటి ఢీకొని ఆరుగురు మరణించారు. ఆ రాష్ట్రంలో సాధారణంగా చలి తక్కువ, చలికాలపు టైర్లు వాడేవారూ తక్కువే.